పక్కంగడి గాలి

తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే రోడ్డులో ఒకే రేకుల కప్పు కింద రెండు అంగళ్లు ఉన్నాయి. ఒకటి కుప్పయ్యది. అక్కడ టైర్లకు పంక్చర్ వేస్తారు, గాలి పడతారు. రెండోది మునిప్రసాద్‌ది. అక్కడ లేజర్ మిషన్‌తో ప్లైవుడ్‌ను కోసి పేర్ల బోర్డులు, తాళంచెవుల బిళ్లలు, శంఖుచక్రాల బొమ్మలు చేస్తారు. రెండు అంగళ్లకూ మధ్య ఒక గోడ ఉంది. గోడలో ఒక కన్నం ఉంది. కన్నంలో ఒక ట్యూబు ఉంది. మునిప్రసాద్ పెళ్లి ఆగిపోబోయింది ఆ ట్యూబు వల్లే.

లేజర్ మిషన్ చెక్కను కాల్చి కోస్తుంది. వెలుగు పడిన చోట చెక్క పొగవుతుంది. ఆ పొగను అక్కడ నిలవనీయకుండా తోసేయడానికి వెలుగుతో పాటు గాలి కూడా ఊదాలి. గాలి చాలినంత ఉంటే అంచు గోధుమరంగులో ఉంటుంది. చాలకపోతే పొగ అక్కడే తిరుగుతుంది, అప్పుడప్పుడు మంట లేస్తుంది, అంచు బొగ్గవుతుంది. మిషన్‌తో పాటు వచ్చిన పంపు చేపల తొట్టిలో బుడగలు వేసే పంపు లాంటిది. కాగితానికి అది చాలింది. ప్లైవుడ్‌కు చాలలేదు.

మునిప్రసాద్ కంప్రెసర్ కొనాలనుకున్నాడు. కుప్పయ్య ఒప్పుకోలేదు.

"గోడకవతల ఇంత కంప్రెసర్ పెట్టుకోని నేనుంటే నువ్వు ఇంకోటి కొంటావా? రోడ్డున పోయేవాళ్లు నన్నేమనుకుంటారప్పా?" అన్నాడు.

ఆ రోజే డ్రిల్లు తెచ్చి తానే కన్నం పెట్టాడు, ట్యూబు లాగాడు. బదులుగా మునిప్రసాద్ అతనికి ఒక బోర్డు కోసి ఇచ్చాడు. 'కుప్పయ్య పంక్చర్ షాపు. ఇచ్చట గాలి పట్టబడును' అని దాని మీద ఉంది.

మొదటిసారి గాలిని పెంచి తగ్గించే రెగ్యులేటర్‌ను ఆఖరుదాకా తిప్పేశారు. కోత మధ్యలో ఊడిన ముక్క ఒకటి ఎగిరి, పక్కన నిలబడి చూస్తున్న కుప్పయ్య టీ గ్లాసులో పడింది. తర్వాత గోడకు గాలి ఒత్తిడి చూపే గేజు బిగించారు. దాని ముల్లు ఎక్కడ ఉండాలో స్కెచ్ పెన్నుతో గీత గీశారు. పైపైన బొమ్మ గీసేటప్పుడు ముల్లు గీతకు కింద, అక్షరాలు కోసేటప్పుడు గీత మీద ఉండాలి. ఆ తర్వాత ఆ ముల్లు వైపు ఎవరూ చూడలేదు.

మునిప్రసాద్‌కు పుత్తూరులో సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు కోమలి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. కోమలి నాయన సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తూ సెలవు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. అందువల్ల ఇంట్లో మాట ఆయన తల్లి రాఘవమ్మది. కోమలికి ఆమె అవ్వ. ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాలను రాఘవమ్మ కాదంది. ఒక అబ్బాయి సాంబారన్నంలో పెరుగు కలుపుకున్నాడు. ఇంకొకడు కాఫీ ఇస్తే ఊదకుండా తాగేశాడు.

"అంత వేడి కాఫీకే ఆగనోడు ఇంక దేనికి ఆగతాడు?" అంది ఆమె.

మునిప్రసాద్ ఊది తాగాడు. కోమలికి కూడా అతను నచ్చాడు. శుక్రవారం తాంబూలాలు మార్చుకోవాలని అనుకున్నారు.

"వేదిక ఎనకాల పెట్టే పేర్ల బోర్డు నేనే చేస్తా" అని మునిప్రసాద్ అందరి ముందూ అన్నాడు. అడిగిన వాళ్లు లేరు.

ఆదివారం అతను బోర్డును పేపర్లో చుట్టుకుని పుత్తూరు బస్సెక్కాడు. రాఘవమ్మ పేపరు విప్పింది. మునిప్రసాద్ అనే అక్షరాల అంచులు గోధుమరంగులో ఉన్నాయి. కోమలి అనే అక్షరాలు నల్లగా ఉన్నాయి. ఆమె 'కో' మీద బొటనవేలు రుద్ది, ఆ వేలు అతనికి చూపించింది.

"ఏంది నాయనా ఇది?"

"డిజైన్ అవ్వా."

"నీ పేరుకు లేదే డిజైను?"

మునిప్రసాద్ బోర్డు వైపు చూశాడు. కోమలి కూడా చూసింది. అతని తల్లి నాగరత్నమ్మ అక్కడ లేదు కాబట్టి అతని తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

"పెండ్లి కాకముందే మా పిల్ల పేరు మాడ్చినావు. అయినంక ఇంకేం మాడస్తావో" అంది రాఘవమ్మ. "ఎముక ఇరిగితే మా ఊర్లో కట్టు కడతారు. అచ్చరం మాడితే ఎవురు కడతారు?"

"ఇంకోటి కోసుకోనొస్తా అవ్వా."

"తేవద్దు. నేనే వస్తా. నా కండ్ల ముందర కోయి. మా పిల్ల పేరు మాడకుండా వచ్చిందా, శుక్రవారం ఆకులు తీసుకుంటాం. మాడిందా, ఆ బోర్డు నువ్వే పెట్టుకో, నీ పేరు మాత్రమే పెట్టుకో."

బుధవారం రాహుకాలం పోయిన తర్వాత కోయాలని ఆమే చెప్పింది. చీకటి పడకముందే పుత్తూరు బస్సెక్కాలని కూడా చెప్పింది.

సోమవారం మునిప్రసాద్ గేజు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముల్లు గీత మీద ఉంది. పక్కన ఒక లారీ వచ్చి ఆగింది. కుప్పయ్య దాని టైరుకు గాలి పట్టడం మొదలుపెట్టాడు. ముల్లు కిందికి దిగింది. లారీ పోయింది. కంప్రెసర్ కాసేపు కొట్టుకుంది. ముల్లు మళ్లీ గీత మీదికి వచ్చింది. మునిప్రసాద్ లేచి కోమలికి ఫోన్ చేశాడు.

కోమలి ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. చెవికి పెట్టుకుంటే దొంగమాటలు మాట్లాడినట్టే అని రాఘవమ్మ లెక్క. ఆ సమయంలో ఆమె పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"తప్పు నాది కాదు కోమలీ. గాలిది" అన్నాడు మునిప్రసాద్.

"ఏ గాలి?"

"కుప్పయ్యన్న గాలి. ఒకసారి ఉంటాది, ఒకసారి పోతాది. సరిగ్గా నీ పేరు కాడ పోయినట్టుండాది."

"ఎన్నాళ్లనుంచి ఇట్లా?"

"అంగడి పెట్టినప్పటినుంచీ. గోడకు కన్నం పెట్టి మరీ తెచ్చుకున్నాం. ఇప్పుడు అది లేకుండా నాకు పని జరగదు."

రాఘవమ్మ చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టింది. ఫోన్ పెట్టేసిన తర్వాత మనవరాలిని అడిగింది.

"కుప్పయ్యంటే ఎవురే?"

"పక్కంగడాయనవ్వా."

"ఎప్పుడు పోయినాడు?"

"యాడికి?"

"సచ్చిపోయింది ఎప్పుడంటాండా."

"ఆయన సావలేదవ్వా. బాగుండాడు. టైర్లకు పంక్చర్ ఏస్తాడు."

రాఘవమ్మ చిక్కుడుకాయలు పక్కకు జరిపింది. "సచ్చినోళ్ల గాలి సోకడం నేను సూసినా. బతికినోడి గాలే సోకిందంటే వాడెంత గట్టోడై ఉండల్ల!"

కోమలి అది ఆ గాలి కాదని చెప్పింది. కంప్రెసర్, ట్యూబు, గేజు బొమ్మలు సున్నం రాలిన గోడ మీద సుద్దముక్కతో గీసి చూపించింది. రాఘవమ్మ అంతా విన్నది. విని, బుధవారం పొద్దున సంచిలో నిమ్మకాయలు, వేపమండ, నల్లదారం పెట్టుకుంది.

కోమలితో కలిసి అంగళ్ల ముందు ఆటో దిగగానే ఆమె కుప్పయ్య బోర్డు ముందు ఆగింది. అక్షరం తర్వాత అక్షరం చదివింది.

"ఇచ్చట. గాలి. పట్ట. బడును." తర్వాత కుప్పయ్యను చూసింది. "ఎవురికి పడతావు నాయనా?"

"అన్నిటికీ పడతానవ్వా. స్కూటరు, కారు, లారీ."

"మనుషులకు?"

"మనుషులకు ఇంతవరకు ఎవురూ అడగలేదవ్వా."

"అడగకపోయినా పట్టినావు గదా, మా పిల్లోడికి" అంది రాఘవమ్మ. కుప్పయ్యకు అర్థం కాలేదు. మా పిల్లోడు అన్నది మాత్రం కోమలి విన్నది.

మునిప్రసాద్ అప్పటికే కుప్పయ్యతో మాట తీసుకున్నాడు. కోత అయ్యేదాకా ఎవరికీ గాలి పట్టకూడదు. కుప్పయ్య సరే అన్నాడు, అంగడి ముందు పాత టైర్లు అడ్డంగా పేర్చాడు.

ముందు ఒక తునక మీద పరీక్ష చేద్దామని మునిప్రసాద్ మిషన్ మూత తీసి, తునక పెట్టి, మూత వేశాడు. అతను అటు తిరిగి ఉన్నప్పుడు రాఘవమ్మ ట్యూబు దగ్గరికి వెళ్లింది. నల్లదారంతో నిమ్మకాయను ట్యూబుకు కట్టింది. జారకుండా నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో పట్టి ముడి బిగించింది.

మిషన్ మొదలైంది. పొగ మూత అద్దం కింద సుడి తిరిగింది. తునక మీద మంట లేచింది. మునిప్రసాద్ గేజు చూశాడు. ముల్లు గీత మీదే ఉంది.

"అన్నా! గాలి ఎవరికైనా పడతాండావా?" అని గోడ కన్నంలోకి అరిచాడు.

"ఒట్టు! చెయ్యి కూడా పెట్టలేదప్పా!" అంది గోడ.

రాఘవమ్మ వెనక్కి జరిగింది. "ఇంటివా? గోడ మాట్లాడతా ఉండాది" అంది కోమలితో.

"కుప్పయ్యన్న అవ్వా. అవతల నుంచి."

"అవతలుండేవాడు ఈడెట్లా మాట్లాడతాడే? అదే గదా నేను సెప్పేది!"

కోమలి గేజు నుంచి మిషన్ దాకా ట్యూబు వెంట చూపు నడిపింది. నిమ్మకాయ దగ్గర ఆగింది. దారం కింద ట్యూబు నొక్కుకుపోయి ఉంది.

"అవ్వా, నువ్వు గాలికి ఉరేసినావు."

ముడి ఊడలేదు. మునిప్రసాద్ బ్లేడు తెచ్చి దారం కోశాడు. నిమ్మకాయ బల్ల కిందికి దొర్లింది. ట్యూబు బుస్సుమంది. మంట ఆరింది. ఇంకో తునక పెట్టి మళ్లీ కోశాడు. ఈసారి అంచు గోధుమరంగులో వచ్చింది. రాఘవమ్మ ఆ తునకను తీసుకుని బొటనవేలితో రుద్దింది. వేలు చూసుకుంది. మొదటి తునకను రుద్దింది. వేలు చూసుకుంది.

"అంటే గాలి పోతే మాడతాది. గాలి ఉంటే మాడదు."

"అంతే అవ్వా."

"మరి గాలిది తప్పు అన్నావే ఫోన్లో?"

"గాలి లేకపోవడంది తప్పు అవ్వా."

"లెక్కలు సెప్పేది మా పిల్ల. తిరకాసు మాటలు నువ్వు మాట్లాడతావు" అంది రాఘవమ్మ. "ఊఁ, కానీ. అసలుది కోయి."

మునిప్రసాద్ అసలు పలక పెట్టాడు. ఆ మందంలో అతని దగ్గర మిగిలింది అదొక్కటే. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే ఆపిన చోట మచ్చ పడుతుంది. ఆ సంగతి కూడా చెప్పాడు. ముందు కోమలి పేరు, తర్వాత తన పేరు కోసేలా పెట్టి బటన్ నొక్కాడు.

'కో' సగం అయ్యేటప్పటికి బయట హారన్ వినిపించింది. ఒక బస్సు వచ్చి ఆగింది. కొండ దిగి ఊరికి పోతున్న యాత్రికులు. కిటికీల నిండా గుండ్లు. వెనక టైరు గాలి తగ్గి నేలకు అణిగిపోయి ఉంది.

"ప్రసాదూ!" అంది గోడ. "బస్సొచ్చిందబ్బా. దేవుడి కాడికి పోయొచ్చినోళ్లు. కాదంటే నాకు పాపం. వదల్లా?"

"వద్దన్నా! పట్టుకో! వదలొద్దు!"

"డ్రైవరు నేను అడ్డం పెట్టిన టైర్లు తీసేస్తా ఉండాడప్పా!"

రాఘవమ్మ చీర కొంగు నడుముకు దోపింది. "నువ్వు దీన్ని సూసుకో" అని మిషన్ వైపు చెయ్యి చూపి బయటికి నడిచింది. కుప్పయ్య ప్లాస్టిక్ కుర్చీని కంప్రెసర్ ముందుకు లాగి అందులో కూర్చుంది. కుప్పయ్య టైర్లకు గాలి పట్టే ట్యూబు చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"గాలి లేదు" అంది ఆమె డ్రైవర్‌తో.

"బోర్డు పెట్టినారు గదమ్మా?"

"అయితే బోర్డుకు పట్టించుకో."

"కంప్రెసర్ తిరగతా ఉండాది గదా!"

"తిరిగేదంతా నీకేనా? లోపల మా మనవరాలి పేరు కోస్తా ఉండారు. అయ్యిందాకా ఈడ గాలి కదల్దు."

డ్రైవర్ కుప్పయ్య వైపు చూశాడు. కుప్పయ్య ఆకాశం వైపు చూశాడు. యాత్రికులు ఒక్కొక్కరే బస్సు దిగారు. పేరు కోయడమంటే ఏమిటని ఒకామె అడిగింది. రాఘవమ్మ ఆదివారం నుంచి మొదలుపెట్టి చెప్పింది. వేలు రుద్దడం చేసి చూపించింది. వింటున్న వాళ్లలో ఒక పెద్దాయన గుండు మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"పిల్ల పేరేందమ్మా?"

"కోమలి."

"మూడచ్చరాలే. మంచి పని చేసినారు. మా ఇంటామె పేరు వెంకటసుబ్బలచ్చుమ్మ. ఆ పేరైతే మేం ఈ రాత్రికి ఈడనే పండుకోవల్ల."

"నీ పేరు సిన్నదా మరి?" అంది వెంకటసుబ్బలక్ష్మమ్మ, బస్సు కిటికీలో నుంచి.

ఇంతలో బస్సు వెనక ఇటుకల లారీ ఒకటి వచ్చి ఆగింది. దానికీ గాలే కావాలి. దాని డ్రైవర్‌కు యాత్రికులే చెప్పారు. లోపల అమ్మాయి పేరు కోస్తున్నారు, ఆగు అన్నారు. ఎన్నో అక్షరంలో ఉన్నారని అతను అడిగాడు. గోడ కన్నం దగ్గరికి ఒకతను వెళ్లి చెవి పెట్టి వచ్చి, 'మ'లో ఉన్నారన్నాడు.

చివరికి లోపలినుంచి కోమలి గొంతు వినిపించింది.

"అవ్వా! నా పేరు అయిపోయింది!"

"మాడిందా?"

"లేదు! మూత అద్దంలోనించి సూస్తాండా. యాడా మసి లేదు!"

యాత్రికుల్లో ఇద్దరు గోవిందా అన్నారు. మిగతావాళ్లు అందుకున్నారు. రాఘవమ్మ లేవలేదు.

"ఇప్పుడేం కోస్తా ఉండాది?"

"తన పేరు! 'ని'లో ఉండాది!"

అప్పుడు రాఘవమ్మ కుర్చీలోంచి లేచింది. కొంగు దులుపుకుంది. కుర్చీని పక్కకు జరిపింది.

"పట్టు నాయనా కుప్పయ్యా. బస్సుకు పట్టు. పాపం, దేవుడి కాడినుంచి వచ్చినోళ్లు."

"అవ్వా, ఇంకా కోస్తా ఉండారు గదా?"

"మా పిల్లది అయ్యింది గదా. ఎనకాల లారీకి గూడా పట్టు."

కుప్పయ్య బస్సు టైరుకు ట్యూబు తగిలించాడు. కంప్రెసర్ కొట్టుకోవడం మొదలైంది.

"అన్నా!" అంది గోడ, ఈసారి మునిప్రసాద్ వైపు నుంచి. "అన్నా, ముల్లు పడిపోతాంది! గాలి! గాలి!"

"నాదేం లేదప్పా!" అని కుప్పయ్య కన్నంలోకి అరిచాడు. "అవ్వ పట్టమన్నది!"

గోడ లోపలినుంచి కోమలి నవ్వు వినిపించింది. కాలిన వాసన వచ్చింది.

మునిప్రసాద్ ఆ సాయంత్రమే ఇంకో పలక కొనుక్కొచ్చి తన పేరు మళ్లీ కోసి అతికిస్తానన్నాడు. రాఘవమ్మ ఒప్పుకోలేదు. అక్షరాలన్నీ చట్టం మీద అతికించేదాకా పక్కనే నిలబడి, గమ్ ఆరగానే బోర్డును పేపర్లో చుట్టించింది. పుత్తూరు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

శుక్రవారం బోర్డు వేదిక వెనక ఉంది. కోమలి అక్షరాలు గోధుమరంగులో ఉన్నాయి. పక్కన 'ము' గోధుమరంగులో ఉంది. 'ని' సగం దాకా బాగుంది. అక్కడినుంచి ఆఖరుదాకా బొగ్గు. సెలవు దొరికి వచ్చిన కోమలి నాయన దాన్ని చూసి తల్లి వైపు చూశాడు. కుప్పయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అంగడి మూసి వచ్చానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

నాగరత్నమ్మ వేదిక ఎక్కేటప్పుడు బోర్డు చూసి ఆగింది.

"ఏమమ్మా, మావాడి పేరు ఇట్లా మాడిపోయిందే?"

రాఘవమ్మ తాంబూలం పళ్లెం రెండు చేతులా పట్టుకుని ఉంది.

"గాలి సాలలేదమ్మా" అంది. "మా పిల్ల వస్తాది గదా. ఊదుకుంటాది."

పళ్లెం చేతులు మారింది. తర్వాత అందరికీ కాఫీ ఇచ్చారు. రాఘవమ్మ తన గ్లాసు ముట్టకుండా కాబోయే అల్లుడి చేతిలోని గ్లాసు వైపు చూసింది. కోమలి చూసింది. ముందు వరసలోంచి కుప్పయ్య చూశాడు.

మునిప్రసాద్ ఊదాడు.